షజరాలో ఖాళీ గడి: తండ్రి పేరు తెలియని సంతానం, వంశచరిత్ర రచన

వంశచరిత్ర రాయడం ముస్లింలకు కొత్త విద్య కాదు. అరబ్బులు దానికి 'ఇల్ముల్ అన్సాబ్' అని పేరుపెట్టి ఒక శాస్త్రంగా పెంచారు. కల్బీ, బలాజురీ వంటి పండితులు తెగల వంశావళులకు జీవితాలు ధారపోశారు. మన తెలుగునాట కూడా పీర్జాదాల ఇళ్లలో, ఖాజీల ఇళ్లలో చుట్టచుట్టి దాచిన షజరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొత్తగా వచ్చినదల్లా ఈ ఆసక్తి సామాన్య కుటుంబాలకు పాకడమే. విశాఖపట్నం రేవులో పనిచేసినవారి మనుమలు, రంగూన్ నుండి తిరిగివచ్చినవారి మునిమనుమలు, వాల్తేరు రైల్వే ఉద్యోగుల సంతతి నేడు తమ పూర్వీకుల పేర్లు వెదుకుతున్నారు. వెదికిన ప్రతివారికీ ఏదో ఒక తరంలో ఒక ఖాళీ గడి ఎదురవుతుంది. తల్లి పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉండదు. లేదా తండ్రి పేరు ఉంటుంది, తల్లి ఎవరో ఉండదు. లేదా ఇద్దరి పేర్లూ ఉంటాయి గాని నిఖా జరిగిన దాఖలా దొరకదు. ఆ గడిలో ఏమి రాయాలి?

చాలామంది చేసేది రెండింటిలో ఒకటి. పరువు కోసం ఆ బిడ్డను చెట్టు నుండి తుడిచివేస్తారు, లేదా బంధువులలో ఎవరో ఒకరిని తండ్రిగా అతికిస్తారు. మరికొందరు, ముఖ్యంగా ఆంగ్ల పద్ధతులు నేర్చినవారు, దాఖలా లేదు కనుక 'అక్రమ సంతానం' అని నిస్సంకోచంగా రాసేస్తారు. ఈ మూడు పనులనూ షరీఅత్ దోషాలుగానే ఎంచుతుంది. చరిత్ర విద్య కూడా వాటిని తప్పుగానే చూస్తుంది. ఈ రెండూ ఒకే తీర్పుకు రావడం విశేషం.

ముందుగా మూలం చూద్దాం. అహ్‌జాబ్ సూరా ఆరంభంలో పెంపుడు బిడ్డల ప్రస్తావన వస్తుంది. వారిని వారి కన్నతండ్రుల పేరుతోనే పిలవాలని, తండ్రులెవరో తెలియకపోతే వారు ధర్మంలో సోదరులని, ఆప్తులని దివ్య ఖుర్‌ఆన్ నిర్దేశించింది. ఈ ఆజ్ఞలో రెండు భాగాలున్నాయి. మొదటిది అందరికీ తెలుసు: కల్పిత తండ్రిని అంటగట్టరాదు. రెండవదాన్ని మనం తరచు దాటిపోతాం. తండ్రి తెలియని మనిషి ఉంటాడని గ్రంథమే అంగీకరించి, అతనికి సమాజంలో స్థానం చూపింది. అతన్ని మాయం చేయమని ఎక్కడా చెప్పలేదు.

నూర్ సూరాలో ఇంకొక హద్దు ఉంది. శీలవతులపై నింద వేసి నలుగురు సాక్షులను తేలేనివారికి ఎనభై కొరడా దెబ్బలు, ఆపైన వారి సాక్ష్యం చెల్లదు. ధర్మశాస్త్రంలో దీన్ని 'కజఫ్' అంటారు. నూరేళ్ల క్రితం మరణించిన స్త్రీ పేరుపక్కన, నిఖా కాగితం దొరకలేదన్న ఒక్క కారణంతో ఒక ముద్ర వేసే వంశచరిత్రకారుడు తాను చేస్తున్నది ఏమిటో ఆలోచించాలి. ఆమె లేచి సమాధానం చెప్పుకోలేదు. ఆనాడు ఎందరి నిఖాలు కాగితం ఎక్కాయి? 1880 నాటి ఖాజీల చట్టం సైతం, ఖాజీ లేకుండా జరిగిన నిఖా చెల్లదని అనలేదు. ఇద్దరు సాక్షులు, అంగీకారం, మహర్ ఉంటే నిఖా పూర్తి అయినట్లే. కాగితం లేకపోవడం నిఖా లేకపోవడానికి రుజువు కాదు.

దైవప్రవక్త (స) కాలం నుండే ఇలాంటి వ్యవహారం ఒకటి హదీసు గ్రంథాలలో నమోదై ఉంది. మక్కా విజయ సంవత్సరంలో, అనగా హిజ్రీ 8లో, జమ్ఆ ఇంటి దాసికి పుట్టిన ఒక బాలుని గురించి వివాదం వచ్చింది. వాడు తన అన్న ఉత్బా బిడ్డ అని, తీసుకొమ్మని అన్న చెప్పి చనిపోయాడని హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖాస్ (ర) వాదించారు. వాడు మా తండ్రి ఇంట, ఆయన పడకపై పుట్టిన తమ్ముడని అబ్ద్ బిన్ జమ్ఆ వాదించారు. బాలుడి పోలికలు ఉత్బావి అని స్పష్టంగా కనబడ్డాయి. అయినా తీర్పు అబ్ద్ పక్షాన వచ్చింది, బిడ్డ పడకకు చెందుతాడన్న సూత్రం స్థిరపడింది. అదే సమయంలో, జమ్ఆ కుమార్తె అయిన ఉమ్ముల్ మోమినీన్ సౌదా (ర)ను ఆ బాలుని ఎదుట పరదా పాటించమని దైవప్రవక్త (స) ఆదేశించారు. చట్టపరమైన నసబ్ ఒకవైపు, ముఖకవళికలు చెప్పే సందేహం మరొకవైపు. రెండింటినీ ఒకదానిలో ఒకటి కలిపివేయక, దేని స్థానంలో దాన్ని నిలిపారు. ఆ సంఘటనను మనకు అందించిన రావీలు కూడా పోలిక సంగతిని దాచలేదు, తీర్పునూ దాచలేదు. వంశచరిత్ర రాసేవారికి ఇంతకంటె మంచి నమూనా దొరకడం కష్టం.

మరొక సందర్భం లిఆన్‌ది. భర్త బిడ్డను నిరాకరించి, భార్యాభర్తలు ప్రమాణాలు చేసి విడిపోయినప్పుడు బిడ్డ తల్లికి చెందుతుంది. ఆమెనుగాని ఆమె బిడ్డనుగాని నిందించినవారు శిక్షార్హులన్న తీర్పును ఇబ్నె అబ్బాస్ (ర) నుండి ఉల్లేఖించారు. అలాంటి ఒక బిడ్డ పెరిగి అధికార పదవి చేపట్టాడని, అయినా తండ్రి పేరుతో పిలువబడలేదని ఇక్రిమా చెప్పిన మాట దానికి జోడించి ఉంది. తల్లి పేరుతో పిలువబడి పదవికెక్కిన మనిషి అన్నమాట. వారసత్వం విషయంలో హనఫీ న్యాయం ఇదే దారిన నడిచింది. వివాహం వెలుపల పుట్టిన బిడ్డకు తండ్రితో నసబ్ లేదు, కనుక ఆ వైపు వారసత్వమూ లేదు. తల్లికి, తల్లి తరపు బంధువులకు మాత్రం వారసుడవుతాడు. వారు అతనికి వారసులవుతారు. షియా ఇమామియా న్యాయం తల్లివైపు హక్కును కూడా ఒప్పుకోదు. కనుక తెలుగునాట సున్నీ కుటుంబానికీ హైదరాబాదు షియా కుటుంబానికీ ఒకే వ్యాఖ్య అతికించరాదు.

చరిత్రకారులు ఈ సమస్యను ఎలా ఎదుర్కొన్నారో చూడాలంటే జియాద్ కథ చాలు. తాయిఫ్ వైద్యుడు హారిస్ బిన్ కలదా దాసి అయిన సుమయ్య ఇతని తల్లి. తల్లి భర్త ఉబైద్ అనే దాసుడు. జియాద్ పరిపాలనా దక్షుడై పేరు తెచ్చుకున్నాక, హిజ్రీ 44లో ముఆవియా సాక్షులను పిలిపించి, ఇతడు మా తండ్రి అబూ సుఫ్యాన్ కుమారుడే అని ప్రకటించారు. ఎందరో దాన్ని అంగీకరించలేదు. ఫలితంగా ఒకే మనిషి గ్రంథాలలో నాలుగు పేర్లతో కనిపిస్తాడు: జియాద్ బిన్ ఉబైద్, జియాద్ బిన్ సుమయ్య, జియాద్ బిన్ అబీ సుఫ్యాన్, చివరగా జియాద్ బిన్ అబీహి, అనగా 'తన తండ్రి కొడుకు జియాద్'. అబూ సుఫ్యాన్ కుమారుడన్న బిరుదును తన చేత రాయించుకోవాలని చూసిన జియాద్‌కు హజ్రత్ ఆయిషా (ర), విశ్వాసుల తల్లి హోదాలో, 'తన కుమారుడు జియాద్‌కు' అని జవాబు రాశారని చెబుతారు. ఆ పెద్ద మనసూ ఆ చమత్కారమూ ఎవరికి రావాలి! బలాజురీ, తబరీ వంటివారు ఈ పేర్లలో ఒక్కదాన్ని ఉంచి మిగిలినవి కొట్టివేయలేదు. ఎవరు ఏమన్నారో వారి పేరుమీదనే ఉంచారు. జియాద్ బస్రాను, తర్వాత కూఫాను పాలించిన తీరు మంచిదా చెడ్డదా అన్నది వేరు ప్రశ్న. దానికీ అతని పుట్టుకకూ సంబంధం లేదు.

ఇక మన తీరానికి వద్దాం. ఆంగ్లేయులు విశాఖపట్నంలో వర్తకస్థానం పెట్టింది 17వ శతాబ్ది చివర. భీమునిపట్నంలో డచ్చివారు అంతకుముందే ఉన్నారు. ఈ రేవులలో పనిచేసిన ఐరోపావారికి స్థానిక స్త్రీల వల్ల కలిగిన సంతానం గురించి తెలుసుకొనడానికి ముఖ్యాధారం మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మ పుస్తకాలు. వాటి ప్రతులు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. ఆ పుటలు తిరగేస్తే ఒక విడ్డూరం కనిపిస్తుంది. తండ్రి పేరు, హోదా, పటాలం అన్నీ ఉంటాయి. తల్లి ఉండవలసిన చోట తరచు 'నేటివు స్త్రీ' అని మాత్రమే ఉంటుంది. ఆమె ముస్లిమా, హిందువా, పేరేమిటి, ఏ ఊరు, ఏమీ తెలియదు. మన షజరాలలో తండ్రి గడి ఖాళీగా ఉంటే వారి పుస్తకాలలో తల్లి గడి ఖాళీ. 1791లో ఈస్టిండియా కంపెనీ, భారతీయ తల్లులకు పుట్టినవారు తన సివిల్, సైనిక కొలువులకు పనికిరారని నిర్ణయించింది. అటుపైన తల్లి పేరు దాచడానికి తండ్రులకు మరొక కారణం దొరికింది. వాల్తేరు ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వంశచరిత్రలు తరచు ఈ గోడకే తగిలి ఆగిపోతాయి. 1935 భారత ప్రభుత్వ చట్టం, తర్వాత రాజ్యాంగం, ఆంగ్లో ఇండియన్‌ను తండ్రి వైపు పరంపరతోనే నిర్వచించాయి. తండ్రి ఒప్పుకోని బిడ్డలు ఆ లెక్కలోకే రాలేదు.

ఈ విషయంలో తెలుగుదేశపు అత్యంత ప్రసిద్ధ ఉదాహరణ హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కర్క్‌పాట్రిక్‌ది. ఆయన 1800 ప్రాంతంలో ఖైరున్నిసా బేగంను నిఖా చేసుకున్నాడు. అందుకు ముందు ఇస్లాం స్వీకరించాడని చెబుతారు. గవర్నరు జనరలు వెల్లెస్లీ దాకా ఫిర్యాదులు వెళ్లాయి, విచారణలు జరిగాయి. 1801 మార్చిలో కుమారుడు, 1802 ఏప్రిల్‌లో కుమార్తె కలిగారు. ఇంట్లో వారి పేర్లు సాహెబ్ ఆలం, నూరున్నిసా సాహెబ్ బేగం. నిఖాకు, మొదటి బిడ్డ పుట్టుకకు మధ్య వ్యవధి తక్కువేనని ఆ కాలపు కథనాలను బట్టి తెలుస్తుంది. 1805లో పిల్లలిద్దరినీ మద్రాసు నుండి ఓడలో ఇంగ్లాండు పంపించారు. కొద్ది వారాలకే, అక్టోబరు 15న, తండ్రి కలకత్తాలో కన్నుమూశాడు. మరుసటి ఏడాది లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి వారికి విలియం జార్జి, కేథరిన్ అరోరా అని పేర్లు పెట్టారు. ఆ కేథరినే కిట్టీ కర్క్‌పాట్రిక్. కార్లైల్ తన 'సార్టర్ రిసార్టస్' గ్రంథంలోని నాయికను ఆమెను చూసే రాశాడంటారు. తల్లి మాత్రం తన బిడ్డలను మళ్లీ చూడలేదు. కొన్నేళ్లు మచిలీపట్నంలో ప్రవాసముండి, చివరకు హైదరాబాదు చేరి 1813లో చనిపోయింది.

ఇందులో మనకు పనికివచ్చేది ఆ వీలునామా. కర్క్‌పాట్రిక్ తన వీలునామాలో ఖైరున్నిసాను ఎంతో గౌరవంగా, పేరుతో సహా ప్రస్తావించాడు. కాని తన ఇద్దరు 'సహజ సంతానపు' తల్లిగా ప్రస్తావించాడు. ఆ మాటకు ఆంగ్ల న్యాయభాషలో అర్థం వివాహేతర సంతానమనే. నిఖా చేసుకున్న భర్త తన చేతితో అలా ఎందుకు రాశాడు? చర్చిలో జరగని ఆ వివాహాన్ని ఆంగ్ల న్యాయస్థానం గుర్తిస్తుందన్న భరోసా లేదు. సక్రమ సంతానమని రాస్తే ఆస్తిని బంధువులు సవాలు చేయవచ్చు. పిల్లలకు చేరవలసిన ధనం క్షేమంగా చేరాలని ఆ మాట వాడాడనుకొనడమే సమంజసం. ఇప్పుడు ఒక వంశచరిత్రకారుడు వీలునామా ఒక్కటే చూసి 'అక్రమ సంతానం' అని రాస్తే కాగితం ప్రకారం తప్పు లేదు, సత్యం ప్రకారం తప్పు. మరొకరు నిఖా కథనం చూసి వీలునామాను దాచిపెడితే అదీ తప్పే. రెండు మాటలూ రాసి, ఏది ఏ న్యాయం ప్రకారం అన్న మాటో చెప్పినప్పుడే పాఠకుడికి ఆ ఇంటి దుఃఖం అర్థమవుతుంది.

కర్క్‌పాట్రిక్ పెద్ద దొర కనుక కాగితాలు మిగిలాయి. విశాఖ రేవు నుండి రంగూన్ వెళ్లిన కూలీకి ఆ భాగ్యం లేదు. 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుండి విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల ద్వారా వేలాది తెలుగువారు బర్మా వెళ్లారు. కోరంగి రేవు పేరును బట్టి వారిని అక్కడ 'కోరంగీలు' అన్నారు. రేవులో బస్తాలు మోశారు, బియ్యపు మిల్లులలో పనిచేశారు. వెళ్లినవారిలో అత్యధికులు మగవారు. కొందరు అక్కడి స్త్రీలతో కాపురాలు పెట్టారు. భారతీయ ముస్లింలకు బర్మా స్త్రీలకు పుట్టినవారికి 'జెర్‌బాదీలు' అన్న పేరే ఏర్పడింది, జనాభా లెక్కలలో వారికి ప్రత్యేక పద్దు పెట్టారు. ఈ కాపురాలపై బర్మాలో పెద్ద రగడ జరిగింది. 1938 అల్లర్లకు చెప్పే కారణాలలో ఇదీ ఒకటి. 1939లో బౌద్ధ స్త్రీల వివాహ, వారసత్వ హక్కులకై అక్కడ ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. 1941 డిసెంబరులో రంగూన్‌పై బాంబులు పడ్డాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నంపైనా పడ్డాయి. కాలినడకన, ఓడలలో పారిపోయి వచ్చినవారిలో అక్కడి భార్యాబిడ్డలతో వచ్చినవారు, వదలి వచ్చినవారు, బిడ్డను మాత్రం వెంట తెచ్చినవారు ఉన్నారు. 1960లలో నీ విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరొక విడత వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ రోజుల గుర్తే.

అలా వచ్చిన బిడ్డను షజరాలో ఏమని రాయాలి? తల్లి బౌద్ధురాలు, కితాబీ కాదు, కనుక నిఖా చెల్లదు, కనుక బిడ్డ అక్రమం అని తేల్చేవారున్నారు. ఈ తొందర తగదు. అలాంటి వివాహం నిషిద్ధమే. కాని హనఫీ న్యాయం చెల్లని వివాహాలను అన్నింటినీ ఒకే గాట కట్టదు. 'బాతిల్' వేరు, 'ఫాసిద్' వేరు. ఫాసిద్ వివాహంలో భార్యాభర్తల మధ్య వారసత్వం ఉండదు గాని, కాపురం జరిగితే బిడ్డకు నసబ్ ఉంది, మహర్ ఉంది, ఇద్దత్ ఉంది. విగ్రహారాధకురాలితో, అగ్ని పూజకురాలితో వివాహం ఫాసిదేనని బ్రిటిష్ కాలపు న్యాయగ్రంథాలు గ్రహించాయి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో, ముస్లిం పురుషునికి హిందూ స్త్రీ వల్ల కలిగిన కుమారుని విషయమై ఇదే చెప్పింది: వివాహం ఫాసిద్, కుమారుడు సక్రమ సంతానం, తండ్రి ఆస్తిలో అతనికి భాగం ఉంది. కనుక రంగూన్ తల్లి గడిలో ఆమె పేరు తెలిస్తే పేరు రాయాలి. తెలియకపోతే 'రంగూన్‌లో కాపురమున్న బర్మా స్త్రీ' అని రాయాలి. ఊళ్లో ఉన్న మొదటి భార్యను ఆ బిడ్డకు తల్లిగా రాయడం, అది ఎంత ప్రేమతో చేసినా, దివ్య ఖుర్‌ఆన్ వారించిన కల్పితమే.

ఇఖ్‌రార్ గురించి ఒక మాట. తండ్రి 'ఇతడు నా బిడ్డ' అని ప్రకటించడం నసబ్‌కు బలమైన ఆధారం. 1844లోనే ప్రీవీ కౌన్సిల్ ఒక ముస్లిం కుటుంబపు వ్యాజ్యంలో, చిరకాల కాపురం, తండ్రి అంగీకారం ఉంటే వివాహం జరిగినట్లే భావించాలంది. 1888లో అలహాబాదు హైకోర్టులో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు జస్టిస్ సయ్యద్ మహమూద్ ఈ సూత్రాన్ని అరబీ మూలాలతో సహా విపులంగా వివరించారు. ఇఖ్‌రార్ దత్తత కాదు. వివాహం జరిగిందో లేదో తెలియని చోట సందేహాన్ని బిడ్డకు అనుకూలంగా తీరుస్తుంది. వివాహం జరగలేదని రుజువైన చోట, లేని నసబ్‌ను సృష్టించదు. 1921లో ప్రీవీ కౌన్సిల్ ఈ హద్దును మరింత ఖచ్చితంగా గీసింది. పాత పాఠశాల దరఖాస్తులో, ఆస్తి దస్తావేజులో, ఉత్తరంలో తాత 'నా కుమారుడు' అని రాసి ఉంటే అది ఇఖ్‌రారే. పరిశోధకుడు ముందు వెదకవలసింది అటువంటి మాటను.

మున్సిపాలిటీ పుస్తకాలపై అతిగా నమ్మకం పెట్టుకోరాదు. మద్రాసు రాష్ట్రపు 1899 జనన మరణ చట్టం కింద రాసిన పాత పద్దులలో చాలాచోట్ల బిడ్డ పేరే ఉండదు, 'మగబిడ్డ' 'ఆడబిడ్డ' అని మాత్రం ఉంటుంది. తండ్రి పేరు చెప్పినవాడు ఎవరో, ఏ తొందరలో చెప్పాడో తెలియదు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగి ఊళ్లు ఖాళీ అయినప్పుడు ఇంటి మనుషుల లెక్కకు నష్టపరిహారం, పునరావాసం ముడిపడ్డాయి. అటువంటి కాలంలో పుట్టిన కాగితాలను చదివేటప్పుడు, ఆ పద్దు వల్ల ఎవరికి ఏమి లాభమో కూడా చూడాలి. కర్క్‌పాట్రిక్ వీలునామాకు వేసిన ప్రశ్నే ఇక్కడా వేయాలి.

నేటి చట్టం చాలా మారింది. 2015 జూలై 6న సుప్రీంకోర్టు, అవివాహిత తల్లి తండ్రి పేరు చెప్పనవసరం లేదని, ఆమె ప్రమాణపత్రంపై జనన ధ్రువపత్రం ఇవ్వవలసిందేనని తీర్పునిచ్చింది. ఖాళీ గడిని ఖాళీగా ఉంచే హక్కు తల్లికి వచ్చింది. మరోవైపు రక్తపరీక్షలు, డి.ఎన్.ఎ. పరీక్షలు వచ్చి, కోరినవారికి కోరనివారికి కూడా జవాబులు చెబుతున్నాయి. వివాహ కాలంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అన్నది 1872 సాక్ష్య చట్టం 112వ సెక్షను. 2024 జూలై నుండి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అదే సూత్రం 116వ సెక్షనుగా నిలిచింది. దంపతులు కలిసే అవకాశమే లేదని రుజువైతే తప్ప దాన్ని కదపరాదని, మరొకరి బిడ్డనంటూ పరీక్ష కోరడానికి ఊరికే వీలులేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ స్పష్టం చేసింది. జమ్ఆ ఇంటి తీర్పు చదివినవారికి ఈ మాట కొత్తగా తోచదు. పోలిక ఉత్బాది, నసబ్ జమ్ఆది.

ఇక పద్ధతి సంగతి. గడిలో 'అక్రమ' అన్న విశేషణం రాయవలసిన అవసరం ఎక్కడా రాదు. మనిషి పేరు, తల్లి పేరు, పుట్టిన ఊరు, తేదీ రాస్తే చాలు. తండ్రి గురించి కాగితం ఏమంటున్నదో, ఇంటివారు ఏమంటున్నారో, ఎవరి నోటిమాటో విడివిడిగా రాయవచ్చు. నిఖా దాఖలా దొరకకపోతే 'దాఖలా దొరకలేదు' అనాలి, 'నిఖా లేదు' అనరాదు. బతికి ఉన్నవారికి, వారి కన్నవారికి సంబంధించిన సంగతైతే వారి అనుమతి లేనిదే అచ్చువేయరాదు. ఇంట్లో రాసి ఉంచుకొనడం వేరు, పంచిపెట్టడం వేరు. ఒక విషయంలో మాత్రం దాచడం కూడదు. వివాహ సంబంధాలు చూసేటప్పుడు ఎవరు ఎవరికి మహ్రమో తెలియాలి. నిజమైన రక్తసంబంధం తెలిసినవారు సంబంధం కుదుర్చుకునేవారి పెద్దలకు చెప్పాలి. సౌదా (ర)కు ఇచ్చిన పరదా ఆదేశంలో ఉన్న జాగ్రత్త ఇదే.

రంగూన్ నుండి వచ్చిన కుటుంబాలలో ఆ ఓడ ప్రయాణం గుర్తున్నవారు ఇప్పుడు చాలా కొద్దిమంది, వారికి వయసు మీరింది. తల్లి పేరు ఏమిటని వారిని అడగవలసింది ఇప్పుడే. బర్మా పేరు పలకడం రాకపోయినా, విన్నది విన్నట్లు తెలుగులోనో ఉర్దూలోనో రాసి ఉంచవచ్చు.